వీధికాలువనుండి సముద్రమునకు

సముద్రమునకును మా వారాసిగూడకును సంబంధమేమి యని పలువురు తలంతురు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు చెట్లనీడలో తార్నాకవైపు నడచుట నాకు నిత్యకృత్యము. వానలు కురిసినపుడు దారిలోని కాలువలవెంట ప్లాస్టిక్ సంచులు కొట్టుకొనిపోవుట చూచుచుందును. ఆ నీరు మూసీనది చేరును. మూసీ వాడపల్లివద్ద కృష్ణలో గలియును. కృష్ణ బంగాళాఖాతమున గలియును. సంబంధ మిదియే.

నీటితో పోయిన ప్లాస్టిక్ కుళ్లి మన్నయిపోదు. ఎండకు పెళుసై, అలల తాకిడికి విరిగి, తునుకలగును. ఐదు మిల్లీమీటర్లకంటె చిన్నవగు తునుకలను శాస్త్రజ్ఞులు మైక్రోప్లాస్టిక్కు లందురు. పాలియెస్టరు బట్టలు ఉదుకునపుడు రాలు సన్నని పోగులును ఇట్టివే.

ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ థాంప్సనును, ఆయన సహచరులును 2004లో తమ పరిశోధనను ప్రకటించిరి. సముద్రజలములలో తేలియాడు సూక్ష్మజీవులను ప్లవకము లందురు. 1960 దశకమునుండి సేకరించి భద్రపఱచిన ప్లవకముల నమూనాలను వారు పరీక్షించిరి. తొలినాటి వానికంటె తరువాతి దశాబ్దముల నమూనాలలో ప్లాస్టిక్ పోగులు అధికముగ నుండెను. ముందుతరమువారు శ్రద్ధతో దాచిన నమూనాలే నేడు సాక్ష్యము పలికినవి.

ప్లవకములే సముద్రజీవుల ఆహారమునకు మూలము. వానిని తినెడి చిన్నప్రాణులు ఈ తునుకలను గూడ మ్రింగుచున్నవి. ఆ ప్రాణులను చేపలు తినును; చేపలను మనుష్యులు తిందురు. మ్రింగిన ప్లాస్టిక్ కడుపు నింపునే కాని బలము నీయదు.

బాలబాలికలారా! సముద్రమున చెదరిన రేణువులను ఏ వలయు ఏఱి తీయజాలదు. వీధిలో పడియున్న సంచిని మాత్రము చిన్నపిల్లవాడైనను వంగి తీయగలడు. చేతికందునపుడే చేయవలసిన పనిని నదిదాక పోనీయకుడు.