మా మైనర్‌కి అయిదో గేరు

ఈసారి గేర్‌బాక్స్ గురించి రాస్తున్నాను. కారు సంగతులు తెలుగులో రాయడం నాకు ఇదే మొదటిసారి. వాక్యాలు చిన్నవిగా పెడతాను. మీకూ సుఖం, నాకూ సుఖం.

మా కారు మోరిస్ మైనర్, 1966 నాటిది. ఇంజన్ 1098 సీసీ, 48 గుర్రాల బలం. మైనర్ మొదట వచ్చింది 1948లో. దాన్ని రూపొందించినాయన అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీ కారు చేసింది కూడా ఆయనే. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఈ మైనర్‌నే బేబీ హిందుస్థాన్ అని అమ్మారు. నేను పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. అక్కడ తెలుగువాళ్ళం చాలామందిమి ఉండేవాళ్ళం, కానీ బడి అంతా ఇంగ్లీషులోనే. తెలుగు చెవికి వచ్చింది గానీ కంటికి రాలేదు. అక్షరాలు నేర్చుకున్నది రిటైరయ్యాకే.

ఇప్పుడు ఉండేది స్టోక్‌లో. శనివారం శనివారం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్తాను, పార్కింగ్ దగ్గర నిలబడే పని నాది. వెళ్ళేటప్పుడు 45 మైళ్ళు, వచ్చేటప్పుడు 45. ఎం6 మీద పదిహేనో జంక్షన్‌లో ఎక్కి, ఎనిమిదిలో ఎం5కి మారి, రెండో జంక్షన్‌లో దిగుతాను. పక్క సీట్లో పెద్దమ్మ. మా అమ్మకి సొంత అక్క, 86 ఏళ్ళు, శ్రీకాకుళం జిల్లా మనిషి. మా ఆవిడ బెంగాలీ. అందుకని నేను నోరారా తెలుగు మాట్లాడేది వారం మొత్తంలో ఆ కారులోనే.

మరి మంచి కొత్త కారులో వెళ్ళొచ్చు కదా అని మీరు అడుగుతారు. మా ఇంట్లో కొత్త కారు ఉంది. శనివారం మా ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి అది వెళ్ళిపోతుంది. పైగా పెద్దమ్మకి ఆ కారు సీటు లోతు, మోకాళ్ళు పట్టేస్తాయి. మైనర్ తలుపు పెద్దది, సీటు కుర్చీలా ఉంటుంది. ఎక్కడం దిగడం తేలిక.

చిక్కంతా చప్పుడుతోనే. మైనర్‌కి నాలుగే గేర్లు. నాలుగో గేర్లో ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే వెనక్కి వెళ్ళే కడ్డీ అన్నే చుట్లు తిరుగుతుంది. తర్వాత వెనక ఇరుసు దగ్గర ఆ వేగం 4.22 వంతులు తగ్గుతుంది. అరవై మైళ్ళ వేగంలో ఇంజన్ నిమిషానికి దాదాపు 3,900 చుట్లు తిరుగుతుంది. ఊళ్ళ మధ్య సన్నటి రోడ్లకు చేసిన బండి అది. మోటర్‌వేలో గంటసేపు అలా తిప్పితే ఇంజన్ ఏడుస్తున్నట్టే ఉంటుంది. పెద్దమ్మ చెవికి మిషను పెట్టుకుంటుంది. మోటర్‌వే ఎక్కగానే "ఏట్రా ఈ గోల, బుర్ర తినేస్తంది" అని ఆ మిషను తీసి సంచిలో వేసుకునేది. ఇంక గంటసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. నా తెలుగు క్లాసు అక్కడితో సరి.

గేరు అంటే ఏమిటని పెద్దమ్మే ఒకసారి అడిగింది. పళ్ళ చక్రం అన్నాను. పుస్తకంలో నేర్చుకున్న మాట, వాడే అవకాశం వచ్చినందుకు సంతోషపడ్డాను. ఆవిడకి అర్థమైంది మాత్రం పెదనాన్న సైకిలు గురించి చెప్పాకే. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం, ఒకసారి తొక్కితే వెనక చక్రం రెండు మూడు చుట్లు తిరుగుతుంది. "అయితే నీ కారు కాళ్ళు మరీ జోరుగా తొక్కుతున్నాయన్నమాట" అంది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

ఇక దారులు. అన్నిటికన్నా చవక, వెనక ఇరుసులో పళ్ళ చక్రాలు మార్చడం. 4.22 బదులు 3.9 పెడితే అరవై మైళ్ళ దగ్గర 3,600 చుట్లకి దిగుతుంది. గేర్‌బాక్స్ ముట్టుకోనక్కర్లేదు, పైనుంచి చూస్తే కారు ఎప్పటిలాగే ఉంటుంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మారేది నాలుగో గేరు ఒక్కటే కాదు, మొదటి గేరు కూడా బరువెక్కుతుంది. మా ఇల్లు ఎత్తు మీద ఉంది. ఇద్దరు మనుషులు, గుడికి తీసుకెళ్ళే బియ్యం బస్తా, 48 గుర్రాలు. రోజూ క్లచ్ కాలుతూ ఉంటుంది. కాబట్టి అది వదిలేశాను.

రెండోది మాజ్దా ఎమ్ఎక్స్-5 కారు అయిదు గేర్ల బాక్స్. చాలా మంచి బాక్స్, గేరు మార్చడం వెన్నలా ఉంటుందని అందరూ అంటారు. అయిదో గేరు 0.814. కానీ దాని మొదటి గేరు 3.14. మైనర్ సొంత మొదటి గేరు 3.63. మళ్ళీ ఎత్తు మీద అదే బాధ. ఇంజన్ పెద్దదిగా మార్చుకున్నవాళ్ళకి ఇది సరిపోతుందేమో.

మూడోది ఫోర్డ్ టైప్ 9. సియెర్రా, కాప్రీ కార్లలో వచ్చిన అయిదు గేర్ల బాక్స్. మైనర్‌లో దీన్ని పెట్టుకున్నవాళ్ళు ఈ దేశంలో చాలామంది ఉన్నారు. మొదటి గేరు 3.65. చూశారా, మా పాతదానికి దాదాపు సమానం. నాలుగోది సూటిగా ఒకటి. అయిదోది 0.82. అంటే మిగతా డ్రైవింగ్ అంతా అలవాటైనట్టే ఉంటుంది, మోటర్‌వే కోసం పైన ఒక మెట్టు చేరుతుంది. అరవై దగ్గర 3,200 చుట్లు. పాత బాక్స్‌లో మొదటి గేర్‌కి సింక్రోమెష్ లేదు, కారు పూర్తిగా ఆగాకే వెయ్యాలి. టైప్ 9లో ఆ ఇబ్బంది లేదు. దీని లోపమల్లా మొదటి గేర్‌కీ రెండో గేర్‌కీ మధ్య ఎడం ఎక్కువ. 3.65 నుంచి ఒక్కసారి 1.97కి దూకుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు రెండోది వెయ్యడానికి కాస్త ఆగాలి.

రెండూ చేస్తే, అంటే టైప్ 9తో పాటు 3.9 ఇరుసు కూడా పెడితే, 2,950కి దిగుతుంది. కాగితం మీద బాగుంటుంది. కానీ ఎదురుగాలి వస్తే ఈ చిన్న ఇంజన్ అయిదో గేర్‌ని లాగలేదు, నాలుగులోకి రావాలి. వాడలేని గేరు ఎందుకు?

పెట్రోలు లెక్క కూడా చెప్పాలి. ఏడాదికి ఈ దారిలో సుమారు 4,700 మైళ్ళు. పాత బాక్స్‌తో గ్యాలన్‌కి 36 మైళ్ళు వచ్చేది. 40 వస్తుందనుకుంటే ఏడాదికి 13 గ్యాలన్లు మిగులు, అంటే 59 లీటర్లు. లీటరు 1.40 పౌండ్లు వేసుకుంటే 83 పౌండ్లు. కిట్, బాక్స్, కూలీ కలిపి రెండు వేల పౌండ్లు దాటింది. ఆ డబ్బు తిరిగి రావడానికి దాదాపు పాతికేళ్ళు పడుతుంది. పెట్రోలు ఒక్కటే మీ బాధ అయితే గేర్‌బాక్స్ కొనకండి, నెమ్మదిగా వెళ్ళండి. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. అరవైకి బదులు డెబ్బైలో వెళ్తే గాలి తోపు 36 శాతం ఎక్కువ. పాదం కాస్త పైకెత్తడానికి పైసా ఖర్చు లేదు.

మా ఆవిడ ఈ లెక్క చూసి, "అయితే ఎందుకు పెడుతున్నావు?" అంది. పెద్దమ్మకి 86 ఏళ్ళు అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు.

పెట్టించేవాళ్ళకి రెండు మూడు మాటలు. వెనక్కి వెళ్ళే కడ్డీని పొట్టి చేయించాలి. స్పీడోమీటర్ కేబుల్ మారుతుంది. కారు నేల కింద ఎంత కొయ్యాలన్నది కిట్‌ని బట్టి ఉంటుంది, డబ్బు కట్టకముందే అడగండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి మార్పు సంగతి చెప్పి తీరాలి. పాత బాక్స్‌ని మాత్రం పారెయ్యకండి. మాది దుప్పటి చుట్టుకుని గ్యారేజీలో నిద్రపోతోంది.

మొదటి శనివారం పదిహేనో జంక్షన్‌లో ఎక్కి, యాభై దాటాక అయిదో గేరు వేశాను. చప్పుడు మాయం కాలేదు. మైనర్ మైనరే. కానీ ఏడుపు పోయింది, గొణుగుడు మిగిలింది. పెద్దమ్మ చెవి మిషను మీద చెయ్యి వేసింది, తియ్యలేదు. కాసేపటికి తన పెళ్ళికి నౌపడ స్టేషన్‌లో రైలు దిగి బండి కట్టుకుని వెళ్ళిన కథ మొదలుపెట్టింది. "నొగలు" అంటే ఏమిటని అడిగాను. ఎద్దు మెడ మీద కాడి ఉంటుంది కదా, ఆ కాడి దాకా బండి నుంచి వచ్చే పొడుగు కర్రలట. ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

ఇప్పుడు ఏదైనా చెప్పాలనిపిస్తే తనే అంటుంది, "అయిదో దాన్లో ఎయ్యరా, సెప్తాను" అని. లారీల వెనక నలభైలో ఇరుక్కున్నప్పుడు కూడా అంటుంది. అప్పుడు వెయ్యకూడదని ఎంత చెప్పినా వినదు.

ఇంజన్ గోల తగ్గాక ఇప్పుడు తలుపు సందుల్లోంచి గాలి ఈల వినబడుతోంది. కొత్త రబ్బర్లు తెప్పించాను, వచ్చే వారం వేస్తాను.