యూరప్‌లో అమ్మ రైలెక్కింది

డాలస్‌లో మా ఇంటి నుంచి పాలు తేవాలన్నా కారు తీయాల్సిందే. అందుకే రెండు వారాల యూరప్ ట్రిప్ అనగానే నేను రెంటల్ కార్లు వెతికాను. అమ్మ మాత్రం "రైల్ల పోదామే" అంది. తాతయ్య కాజీపేటలో రైల్వే గార్డు. అమ్మ చిన్నతనమంతా రైల్వే క్వార్టర్స్‌లోనే. అమెరికా వచ్చి పన్నెండేళ్లయినా ఆమెకి డ్రైవింగ్ రాలేదు. ఎవరైనా తీసుకెళ్తేనే గుమ్మం దాటడం.

చివరికి రాజీ కుదిరింది. పారిస్ నుంచి ఇటలీ దాకా రైలు, టస్కనీలో కారు, తిరుగు ప్రయాణానికి చవక ఫ్లైట్.

మాలాంటి బయటి దేశాలవాళ్లకి యూరైల్ పాస్ ఉంది. 33 దేశాల్లో పనిచేస్తుంది. కానీ పాస్ ఉన్నా ఫ్రాన్స్, ఇటలీ హైస్పీడ్ రైళ్లలో సీటు రిజర్వేషన్‌కి వేరే డబ్బు కట్టాలి. ఇదెక్కడి అన్యాయం అని నేను గొణిగితే అమ్మ నవ్వింది. "మా బాపు పాస్ ఉన్నా రిజర్వేషన్ ముందుగాల చేయించేటోడు." స్విట్జర్లాండ్‌లో ఆ బాధ లేదు. లోపల తిరిగే రైళ్లు చాలావరకు ఏది వస్తే అది ఎక్కేయొచ్చు.

గొట్థార్డ్ సొరంగం 57 కిలోమీటర్లు, దాదాపు ఇరవై నిమిషాల చీకటి. ఫోన్లోంచి తలెత్తి చూస్తే పక్క సీట్లో అమ్మ లేదు. గుండె ఝల్లుమంది. కంగారుగా పెట్టెలన్నీ దాటుకుంటూ వెళ్తే డైనింగ్ కార్‌లో ఎవరో పెద్దావిడ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతోంది. ఆవిడకి ఇంగ్లిష్ రాదు, అమ్మకి జర్మన్ రాదు. ఇద్దరూ ఫోన్లలో మనవల ఫొటోలు చూపించుకుంటున్నారు. కాఫీ డబ్బులు కూడా తనే ఇచ్చేసింది!

కారు దగ్గరికొచ్చేసరికి కథ మారింది. ఇటలీలో అమెరికా లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా ఉండాలి. నాకు గేర్ల కారు రాదు కాబట్టి ఆటోమేటిక్‌కి ఎక్కువ ఇచ్చాను. పల్లెల్లో, ద్రాక్షతోటల మధ్య కారంత సుఖం లేదు, అది ఒప్పుకోవాలి. ఫ్లోరెన్స్‌లో మాత్రం బయటి కార్లు రాకూడని జెడ్‌టీఎల్ వీధిలోకి దూరాను. బోర్డు చూడలేదు, కెమెరా నన్ను చూసింది. కొన్ని నెలలకి జరిమానా కాగితం డాలస్‌కే వచ్చింది.

అంతకంటే బాధ పెట్టింది వేరే. కారెక్కగానే అమ్మ మళ్లీ ఇంట్లో అమ్మ అయిపోయింది. "ఎక్కడ ఆపుతవ్? బాత్రూం ఉంటదా?" అని నన్నే అడుగుతూ కూర్చుంది.

తిరుగు ఫ్లైట్ టికెట్ చవకే. బ్యాగుకి వేరే కట్టాం. 'పారిస్' అని దింపిన బోవే ఎయిర్‌పోర్ట్ నుంచి అసలు పారిస్‌కి దాదాపు 80 కిలోమీటర్లు, మళ్లీ బస్సు. మిగిలిందేమీ లేదు.

మీరూ ప్లాన్ చేస్తుంటే ఊళ్ల మధ్య రైలు, పల్లెలకి కారు, మరీ దూరమైతేనే ఫ్లైట్. దానికన్నా ముందు, వెంట వచ్చేవాళ్లు దేంట్లో తమంతట తాము తిరగగలరో చూసుకోండి. నేను ధర, టైమ్ మాత్రమే చూశాను.

మా ఇంటికి నాలుగు మైళ్లలో డార్ట్ రైలు స్టేషన్ ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎక్కలేదు. ఇప్పుడు శనివారం పొద్దున అమ్మని అక్కడ దింపుతున్నా. అక్కడి నుంచి ఎటు వెళ్తుందో నేను అడగను.