తొట్టిలోని త్వక్సారము

అమరకోశమున వెదురునకు పది పేర్లు కలవు. వంశము, వేణువు అందరికీ తెలిసినవే. తృణధ్వజము అనగా తృణజాతికి పతాక వంటిది. ఎంత ఎత్తు పెరిగినను వెదురు గడ్డియే కాని వృక్షము కాదని ఆ పేరే చెప్పుచున్నది. శతపర్వము అనగా నూరు కణుపులు గలది. యవఫలము అనగా యవల వంటి గింజలు గలది. నాకు మిక్కిలి ఇష్టమైన పేరు త్వక్సారము. త్వక్కే, అనగా పైచర్మమే, సారముగా గలది. లోపల ఏమియు లేదు. సారమంతయు లోపలనే ఉండునని వినుటకు అలవాటుపడిన వేదాంత జిజ్ఞాసువును ఈ ఒక్క పేరు కొంతసేపు నిలబెట్టును.

నన్ను నిలబెట్టుటకు వేరొక కారణము కూడ కలదు. గోదావరిఖని భూగర్భ గనులలో నేను మైనింగ్ సర్దారును. కార్మికులు పని చేయు చోటికి ముందుగా వెళ్ళి, కర్రతో పైకప్పును తట్టి, ఆ శబ్దమును వినుట మా విధులలో ప్రధానమైనది. గట్టి రాయి ఖంగుమని పలుకును. పొర విడిన రాయి డొల్లగా మ్రోగును. డొల్ల శబ్దము వినబడిన చోట ఎవ్వరినీ నిలువనీయరాదు. ఇన్ని సంవత్సరములు డొల్లతనమునకు భయపడి బ్రతికిన చెవులకు, డొల్లతనమే స్వభావమైన మొక్కపై ప్రీతి ఎట్లు కలిగినదో చెప్పలేను. వేణుగోపాలుని మురళి కూడ డొల్లయే కదా అని సత్సంగ మిత్రులందురు. నిజమే. కాని మురళిలో ప్రవేశించు శ్వాస వేరు, గని కప్పుపై నున్న బరువు వేరు.

ఖర్చు సంగతి ముందే చెప్పెదను, ఏలయనగా మా పెరటి గోడ వద్ద ఆగువారందరు మొదట అడుగునది అదియే. ఐదేండ్ల క్రిందట కడియము నర్సరీల నుండి వచ్చిన మొక్కల బండి మా కాలనీ వీధిలో ఆగినప్పుడు రెండు మొక్కలు కొన్నాను. ఒకటి బంగారు వెదురు. పసుపుపచ్చని కాండముపై సన్నని ఆకుపచ్చ చారలు ఉండును. దానికి 450 రూపాయలు. రెండవదానిని బుద్ధ బెల్లీ అందురు. కణుపునకు కణుపునకు నడుమ కాండము ఉబ్బి చిన్న బొజ్జల వరుస వలె కనబడును. దానికి 600. 18 అంగుళముల సిమెంటు తొట్టికి 700, పశువుల ఎరువునకు 300, ఆటోకు 200. అంతయు కలిపి 2,250 రూపాయలు. ఆపైన ఏటికి రెండు బస్తాల ఎరువు, పిండినల్లి పట్టినప్పుడు చల్లుటకు ఒక సీసా వేపనూనె. ఇంతకు మించి ధనవ్యయము లేదు. అంగళ్ళలో గాజు పాత్రలో నీరు పోసి, ఎర్రదారము కట్టి అమ్ము లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, ఆఫ్రికా దేశపు డ్రసీనా మొక్క. దానికి వాస్తు ఫలములను అంటగట్టి చెప్పుదురు. ఆ ఫలశ్రుతి ఏ శాస్త్రమున కలదో చెప్పువారే చెప్పవలెను.

కొనునప్పుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఇది పొదగా పెరుగు జాతియా, భూమిలోపల పరుగెత్తు జాతియా? పరుగెత్తు జాతి దుంపవేరు గోడ క్రింద నుండి పొరుగువారి పెరటిలో లేచును. నేను కొన్న రెండును పొదజాతివే. బంగారు వెదురును పడమటి గోడకు ఐదడుగుల దూరమున నేలలో నాటినాను. బుద్ధ బెల్లీ తొట్టిలో ఉన్నది.

అసలు వ్యయము నీటిది. మా రామగుండము ఎండలు వినని తెలుగువారుండరు. గ్రీష్మమున 45 డిగ్రీలు దాటుట మాకు వార్త కాదు. ఆ దినములలో మా వీధికి కుళాయి నీరు దినము విడిచి దినము వచ్చును. ఆ నీరు గోదావరి తల్లిది. పైవీధిలో స్త్రీలు బిందెలతో నిలబడియున్న సమయమున, కేవలము కంటికి ఇంపుగా ఉండు గడ్డికి రెండు బకెట్ల మంచినీరు పోయుట ధర్మమా? ఫలవృక్షమైనచో సమాధానము సులభము. తులసియైనచో ప్రశ్నయే లేదు. అలంకారమునకు పెంచు వెదురునకు ఏమి సమాధానము చెప్పవలెను? నేను చేసుకొన్న నియమము ఇది: కుళాయి నుండి నేరుగా దానికి ఒక చెంబు కూడ పోయరాదు. బియ్యము కడిగిన నీరు, కూరగాయలు కడిగిన నీరు, సబ్బు కలియని స్నానపు నీరు, రాత్రి కూలరులో మిగిలిన నీరు ఒక డ్రమ్ములో చేరును. సాయంకాలము తొట్టికి ఒక బకెట్టు, ఎల్లుండికొకసారి నేలలోని పొదకు రెండు. రాలిన ఆకులను ఊడ్చివేయక మొదట్లోనే పరచి ఉంచినచో తడి ఆరదు. ఇంటిలో వాడిన నీటి లెక్క నాకు తెలిసినది ఈ వెదురు వలననే. మూడు ప్రాణులు నివసించు ఇంటి నుండి దినమునకు నాలుగు బకెట్లు ఊరకనే కాలువలో కలియుచుండెడిది.

నీటి తరువాత ధూళి. మధ్యాహ్నము ఓపెన్‌కాస్టు గనిలో పేలుడు జరిగినప్పుడు కిటికీలు కంపించును. ఆకుల మీది నల్లని ధూళి ఒక్కసారి లేచి మరల ఆకుల మీదనే వాలును. వారమునకొకసారి ఆకులను తడిపి కడుగనిచో అవి మసిబారి, కొనలు ఎండిపోవును. ఈ ధూళి కూడ ఒకనాటి ఆకులే. గోదావరి లోయలోని బొగ్గు 25 కోట్ల సంవత్సరములకు పూర్వపు అరణ్యము. అప్పటికి భూమిపై గడ్డి జాతియే పుట్టలేదు. అంత ప్రాచీనమైన ఆకుల పొడిని నిన్న మొలచిన ఆకుల మీద నుండి తుడుచుచున్నప్పుడు పురాణములలోని కల్పముల లెక్క అతిశయోక్తిగా తోచదు.

మా అమ్మకు ఈ మొక్క మొదటి నుండి ఇష్టము లేదు. "మీ నాయినను మోసుకవోయింది గా కంకబొంగుల మీదనే. దాన్ని తెచ్చి ఇంట్ల పెడ్తవా బిడ్డా?" అన్నది. చాలామంది పెద్దల మాట ఇదే: పాడెకు వాడు కర్ర ఇంట పెరుగరాదు. నేను ఆమెకు శాస్త్రము చెప్పబోయినాను. పాణిని మస్కరమనగా వెదురని, మస్కరి యనగా పరివ్రాజకుడని సూత్రీకరించినాడు. దానిపై పతంజలి, చేత వెదురుకర్ర ఉన్నందున మాత్రమే అతడు మస్కరి కాలేదు, కర్మలు చేయకుడు, శాంతియే మీకు శ్రేయస్సు అని చెప్పుచు తిరుగును కనుక మస్కరి అయినాడని వ్యాఖ్యానించినాడు. శ్రీవైష్ణవ యతుల త్రిదండము వెదురే. అమ్మ అంతయు విని, "గట్లనా" అని లోపలికి వెళ్ళినది. ఆమెకు కావలసినది ప్రమాణము కాదు; నాన్నగారిని మోసిన కర్ర ప్రతి ఉదయము కంటబడకుండుట. దుఃఖమునకు వ్యాకరణముతో సమాధానము చెప్పరాదు.

ఆమెను మార్చినది ఆషాఢమున లేచిన పిలక. వెదురు పిలక భూమి నుండి వచ్చునప్పుడే తన పూర్తి లావుతో వచ్చును, తరువాత లావెక్కదు. రెండు మూడు నెలలలో పూర్తి ఎత్తు అందుకొని, ఆపైన గట్టిపడుటకు మూడేండ్లు తీసుకొనును. అమ్మ దినమును తెల్లవారుజామున దాని ప్రక్కన నిలిచి జానతో కొలిచెడిది. పిలక తొడుగుపై సన్నని నూగు ఉండును, చేతికి దురద. అందుచేత తాకక దూరము నుండియే కొలత. "ఇయ్యాల జానెడు లేసింది" అని ఆమె చెప్పిన దినమున పాడె ప్రసక్తి రాలేదు. ఆ తరువాత ఒకనాడు తానే చెప్పినది: పుట్టినప్పుడు నన్ను పడుకోబెట్టిన చేట వెదురుదే, బతుకమ్మను పేర్చు సిబ్బి వెదురుదే, రెండింటిని అల్లినది మా ఊరి మేదరి ఇంటివారే అని. నేను చెప్పిన పాణిని కన్న ఇది నాకే మేలైన ప్రమాణముగా తోచినది.

ఇక తొట్టిలోని రెండవ మొక్క సంగతి. అమ్మినవాడు వెళ్ళుచు ఒక రహస్యము చెప్పినాడు: "నీళ్ళు బాగా పోయకండి సార్. ఎండబెడితేనే బొజ్జలు వస్తయ్." అతడు చెప్పినది సత్యము. ఈ జాతిని నేలలో నాటి పుష్కలముగా నీరు పెట్టినచో నిటారుగా, సామాన్య వెదురు వలె పెరుగును. ఇరుకు తొట్టిలో ఉంచి, నీటికి కరవు పెట్టినప్పుడే కణుపుల నడుమ ఉబ్బును. మనము శోభయని ముచ్చటపడునది దాని దాహము. ఒక సాధక మిత్రుడు ఇది విని పరవశించి, "తపస్సు వలన కలిగిన తేజస్సు" అన్నాడు. నాకు ఆ మాట రుచించలేదు. తపస్సునకు కర్తయు, కష్టము పడువాడును ఒక్కడే కావలెను. ఒకడు దాహమును నిర్ణయించి వేరొకరు దానిని అనుభవించినచో అది తపస్సు కాదు, దానికి వేరే పేరున్నది. మొక్కకు మనస్సు లేదు కదా అని మిత్రుడు వాదించినాడు. స్థావరములకు అంతశ్చేతన కలదని, సుఖదుఃఖములు కలవని మనుస్మృతి మొదటి అధ్యాయమే చెప్పుచున్నది. అయినను, మల్లెతీగను కత్తిరించుట లేదా, తొట్టిలో పెట్టుటయే బంధనము కాదా అని అతడడిగిన ప్రశ్నకు నా వద్ద పూర్తి సమాధానము లేదు. కత్తిరించిన మల్లె మరింత చిగురించును, దాహపడిన వెదురు అట్లు కాదు. నాకు కనబడిన భేదము ఇంతే.

ఈ విషయమున నాకింత పట్టుదల ఏలయనగా, మా ప్రాంతమున ఈ పొరపాటు మొక్కలకే పరిమితము కాదు. సభలలో గని కార్మికుని నల్లసూర్యుడని, త్యాగధనుడని కీర్తింతురు. ఆ మాటలు వినుటకు బాగుండును. కాని పిల్లల అన్నము కొరకు భూమిలోనికి దిగువాడు తపస్సు చేయుటకు దిగుట లేదు. అతని చేతి కాయలను చూచి అందమని మెచ్చుకొనువాడు, ఆ చేతికి గాలి, నీరు, గట్టి పైకప్పు ఇచ్చుటలో తన వంతు ఎంత అని కూడ చూచుకొనవలెను. నా తొట్టికి దినమును బకెట్టు నీరు అందుచునే ఉన్నది. కొన్నప్పుడు ఉన్న మూడు కాండములకు బొజ్జలున్నవి. తరువాత వచ్చిన ఏడును నిటారుగా ఉన్నవి. చూడవచ్చినవారు, "ఇది అసలు జాతి కాదేమో" అందురు.

వెదురు పుష్పించుట గురించి కూడ అడుగుదురు. అనేక జాతులు జీవితమున ఒక్కసారి పుష్పించి, గింజ పట్టి, పొద అంతయు ఎండిపోవును. వనపర్వమున ద్రౌపది జయద్రథుని హెచ్చరించుచు ఈ పోలికనే వాడినది: వెదురు, అరటి, రెల్లు తమ వినాశము కొరకే ఫలించునట్లు అని. మిజోరములో ఒక జాతి 48 సంవత్సరములకొకసారి అరణ్యమంతయు ఏకకాలమున పూచును. 1958-59లో అట్లు పూచినప్పుడు గింజలు తిన్న ఎలుకలు పెరిగి పంటలపై పడి, క్షామము వచ్చినది. మరల 2006-07లో పూచినది. బంగారు వెదురు పూయుట అతి అరుదు. ఇంట పెంచువారు భయపడనక్కరలేదు.

నా భయము వేరు. పదవీవిరమణకు ఇంక 14 మాసములున్నవి. ఆపైన క్వార్టరు అప్పగించవలెను. 2017లో అటవీ చట్టమును సవరించి, అడవి బయట పెరిగిన వెదురును వృక్షముల నిర్వచనము నుండి తొలగించినారు కనుక దానిని నరుకుటకు అడ్డంకి లేదని తోటి ఉద్యోగి సలహా ఇచ్చినాడు. నరుకుటకు అడ్డంకి లేకపోవుట నరుకుటకు కారణము కాదు. రాబోవు కుటుంబము దానిని ఉంచునో, పెకలించి ఆ చోట మోటారు సైకిలు నిలుపునో వారి ఇష్టము. ఆ నేల నాది కాదు, ఎన్నడును కాలేదు. ఈ వానాకాలమున తొలి వర్షములు పడిన తరువాత, వేరుతో సహా రెండేండ్ల కాండమునొకదానిని గడ్డపారతో వేరుచేసి, మూడడుగుల పైన కోసి తొట్టిలో నాటవలెను. తొట్టి సిద్ధముగా ఉన్నది. అది బ్రతికినచో మాతో వచ్చును.

అమ్మకు వేరొక ఆలోచన కలదు. మూడేండ్లు దాటిన కాండములను ఏటికొకటి రెండు మొదలంట కోయుట పొదకు మంచిది, లోపలికి గాలి ఆడును. ఆషాఢమున ఆమె జానతో కొలిచిన కాండమునకు వచ్చే కార్తికమునకు మూడేండ్లు నిండును. దానిని ఆకాశదీపమునకు నిలుపవలెనని ఆమె కోరిక. ఈ జాతి కర్రకు త్వరగా పుచ్చు పట్టునని, చిగురు ఆగిన తరువాత కోసి రెండు వారములు నీటిలో నానబెట్టవలెనని చెప్పినాను. డ్రమ్ములో పట్టదు కదా అన్నది. పొడవు పద్నాలుగు అడుగులు; గోదావరి ఒడ్డుననే నానబెట్టవలెను. అక్కడికి మోయుటకు నాకొక మనిషి తోడు కావలెను.