గుంటూరు సమాధులతోటలో ఒక సాయంకాలము

నవంబరు 2వ తేదీన, ఎండ వాలిన పిమ్మట, లూథరను సంఘస్థుడైన నా మిత్రుడు వెంటబెట్టుకొని పోగా, గుంటూరిలోని యొక సమాధులతోటను చూడబోయితిని. గేటు వెలుపల చామంతులు గంపలకొలది, క్రొవ్వొత్తులు కట్టలకొలది అమ్ముచుండిరి. సమాధుల పండుగయని జనులు దీనిని పిలుచుటలో అతిశయోక్తి యేమియు లేదు.

లోపల గడ్డి చెక్కువారు చెక్కుచు, సున్నము కొట్టువారు కొట్టుచు, వెలసిన యక్షరములను నల్లరంగుతో మరల దిద్దువారు దిద్దుచు నుండిరి. కొబ్బరిపీచుతో పాచి రుద్దుచున్న యొక వృద్ధురాలు మనుమని గదిమెను: "ఒరే, మీ తాత పేరులో ఒత్తు మింగేశావు, చూసి రాయి!" ఏ రాతిమీదను మరణించెనను మాట నాకు కానరాలేదు, అంతటను "ప్రభువునందు నిద్రించిరి" అనియే. ఆంగ్లేయుల సెమెటరీ శబ్దమునకు మూలమైన గ్రీకు పదమునకును నిద్రాస్థానమనియే యర్థము.

ఈ తేదీని మృతస్మరణకు నియమించినవాడు వేయేండ్లనాటి ఫ్రాన్సుదేశపు క్లూనీ మఠాధిపతి ఓడిలో. కతోలికులు, మరణానంతర శుద్ధిస్థానమగు ఉత్తరించు స్థలమందలి యాత్మలకై నేడు పూజలర్పింతురు. మహాయుద్ధమున కూలినవారి సంఖ్య దుస్సహమైన 1915లో, పోపు పదునైదవ బెనెడిక్టు ప్రతి గురువునకును ఈ దినమున మూడు పూజల కనుమతి నిచ్చెను. 1842లో హయ్యరు పాదిరి గుంటూరునకు దెచ్చిన లూథరను బోధ యట్టి స్థలము నంగీకరింపదు. మరి నీవేల వచ్చితివని మిత్రుని ప్రశ్నించితిని. "మేము వాళ్లకోసం ప్రార్థించమండీ, వాళ్లనిబట్టి దేవుణ్ణి స్తుతిస్తాం" అనెను. భేదము సూక్ష్మమే గాని నిజమైనది. అయినను, ఆ సంప్రదాయమునందే 1816లో ప్రష్యారాజు మూడవ ఫ్రెడరిక్ విలియము మృతులకొక యాదివారము నేర్పరుపవలసి వచ్చెను. వేదికపై నెంత స్పష్టమైన భేదమైనను, సున్నపు బాల్చీ దగ్గర నాకు కనబడలేదు.

చీకటి పడగానే వత్తులు వెలిగినవి. ప్రార్థన ముగిసిన పిదప ఆ వృద్ధురాలు, మిగిలిన సున్నమును ప్రక్కనున్న పేరులేని దిబ్బకు పూయించుచుండెను. ఎవరిదమ్మా యని యడిగితిని, తెలియదయ్యా యనెను. మేము గేటు దాటునప్పటికి పూలగంపలలో నొక్క చామంతియు మిగులలేదు.