పుచ్చిన దూలాలు

ఎవరైనా పాత పడవ చౌకగా ఇస్తామంటే ముందు అడగవలసింది ఎందుకు అమ్ముతున్నారని. నేను అడిగింది ట్రెయిలర్ కూడా ఇస్తారా అని. ఇస్తామన్నారు. అక్కడితో బేరం తెగిపోయింది.

మిషిగన్‌లో ఉండేవాళ్ళకి ఈ జబ్బు తొందరగా అంటుకుంటుంది. రాష్ట్రంలో 11,000 పైచిలుకు సరస్సులున్నాయి. నోవై, ఫార్మింగ్టన్ హిల్స్ వైపు ఉండే మన తెలుగువాళ్ళం మొదట్లో కొన్నాళ్ళు ఒడ్డున దుప్పటి పరుచుకుని పులిహోర తింటాం. తరవాత్తరవాత నీళ్ళ మీద షికారు చేసేవాళ్ళని చూస్తే పులిహోర రుచించదు. కొత్త పడవ ధర చూస్తే గుండె జారుతుంది. పాతవేమో వేసవి మొదలవగానే ఇళ్ళ ముందు బోర్డులు పెట్టుకుని కనిపిస్తాయి. నాది 1980ల నాటిది, 18 అడుగులు, వెనకాల నాలుగు సిలిండర్ల ఇంజిన్. తయారుచేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ రోజుల్లో దాదాపు అందరూ అలాగే చేశారు.

ఫైబర్‌గ్లాస్ పడవ అంటే మొత్తం ఫైబర్‌గ్లాసే అనుకున్నాను. కాదు. గాజు పీచును పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా వేసి తీసిన బయటి చిప్ప మాత్రమే అది. చాలా పలచన, కొన్నిచోట్ల పావంగుళం ఉంటే గొప్ప. దాన్ని బిగువుగా నిలబెట్టేది లోపలి చెక్క. ముందు నుంచి వెనక దాకా పొడుగ్గా సాగే దూలాలు ఉంటాయి, వాటిని స్ట్రింగర్లంటారు. వెనక గోడ ట్రాన్సమ్. ప్లైవుడ్ పొరలు అతికించి ఒకటిన్నర అంగుళాల మందాన చేస్తారు, ఇంజిన్ తోపంతా దాని మీదే పడుతుంది. కాళ్ళ కింద నేల కూడా ప్లైవుడే. వీటన్నిటి మీదా ఒక పొర ఫైబర్‌గ్లాస్ కప్పి, దూలాల మధ్య ఖాళీల్లో ఫోమ్ పోస్తారు. నీళ్ళు నిండినా పడవ మునిగిపోకుండా తేలాలని 20 అడుగుల లోపు పడవలకు ఇక్కడ 1970ల నుంచీ నిబంధన ఉంది, ఆ ఫోమ్ అందుకోసం.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ సీటు బిగించడానికి దింపిన ప్రతి స్క్రూ, వెనకాల నిచ్చెన కోసం వేసిన ప్రతి బోల్టూ ఆ చెక్కలోకి నీళ్ళకు దారి చూపిస్తుంది. లోపలికి వెళ్ళిన నీళ్ళకు బయటికి దారి లేదు. తరవాతెప్పుడో భీమిలిలో ఉన్న మా మామయ్యకి వీడియో కాల్‌లో ఈ సంగతంతా చూపిస్తే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఏట్రా అల్లుడూ, మనోళ్ళు తెప్ప ఒడ్డుకొచ్చాక కట్లిప్పి దుంగలు ఆరబెడతారు కదా. మీవోళ్ళు తడి చెక్కని మూటగట్టి దాసీసేరేటి?"

దాచేశారు. నిజానికి నీళ్ళొక్కటే చెక్కను పాడుచెయ్యవు. లేక్ సుపీరియర్ అడుగున నూరేళ్ళకు పైగా పడి ఉన్న దుంగల్ని పైకి తీసి సామాన్లు చేశారు. చల్లటి నీళ్ళలో, గాలి తగలకుండా పూర్తిగా మునిగిన చెక్క అంత తేలిగ్గా చెడదు. ఆరిన చెక్కా చెడదు. చెక్కను తినే శిలీంధ్రానికి తడీ గాలీ రెండూ కావాలి, పడవ పొట్టలో రెండూ దొరుకుతాయి. పైగా నేను "ఉప్పు నీళ్ళు ఎరగని పడవ" అని మురిసిపోయాను. ఇంజిన్‌కి అది మేలే. చెక్క విషయంలో మాత్రం ఉప్పే నయం, అది శిలీంధ్రాన్ని కొంత అణిచి ఉంచుతుంది.

ఇవేవీ తెలియక కాదు, తెలుసుకోవడం ఇష్టం లేక నా మొదటి తప్పులు చేశాను. స్టీరింగ్ దగ్గర నేల కాలి కింద దిగుతుంటే కార్పెట్ మెత్తగా ఉందనుకున్నాను. కార్పెట్ తీసి చూశాక కూడా, పుచ్చిన చెక్కకి కన్నాలు పెట్టి పలచటి ఎపాక్సీ జిగురు పోస్తే రాయిలా గట్టిపడుతుందని ఒక డబ్బా మీద చదివి నమ్మాను. పోశాను. చెక్క తాగింది. ఇంకా పోశాను. ఇంకా తాగింది. మురిసిపోతూ కిందికి చూద్దును కదా, వెనక డ్రెయిన్ కన్నంలోంచి ఖరీదైన ఎపాక్సీ అంతా గరాజ్ నేల మీద మడుగు కట్టి ఉంది. అయినా బుద్ధి రాలేదు. పాత నేల మీదే కొత్త ప్లైవుడ్ పరిచి, దాని మీద కొత్త కార్పెట్ వేసి, స్నేహితుల్ని పిలిచి షికారు తిప్పాను. నవ్వకండి. మరకలు పడ్డ గోడకి సున్నం వేసి పండగ చేసుకోని ఇల్లు మీలో ఎవరిదో చెప్పండి.

నిజం బయటపెట్టింది సరస్సు రేవులో ఒక ముసలాయన. ఇంజిన్ కింద నీళ్ళలోకి దిగే కాలు మీద తన బూటు కాలు పెట్టి నొక్కాడు. ట్రాన్సమ్ కదిలింది. గోడ కదలకూడదు. ఆయన ఏమీ అనకుండా నా వంక చూసి, తన పడవ దించుకోవడానికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి లోపలి వైపు నుంచి కిందుగా డ్రిల్లు దింపాను. మంచి చెక్కయితే పొడి పొట్టు, లేత రంగులో రావాలి. నాకు తడిసిన కాఫీ పొడిలా నల్లగా ముద్ద వచ్చింది. దూలాల్లో దింపినా అదే ముద్ద.

అప్పుడైనా తాపీగా ఆలోచించాలా? లేదు. అన్నాళ్ళూ చూడకుండా నెట్టుకొచ్చినవాడిని ఒక్కసారిగా ఉద్యమకారుడినైపోయాను. నిండా మునిగినవాడికి చలేమిటి అని మొదలుపెట్టాను. మా కాలనీ సంఘం నుంచి ఇంటి ముందు పడవ ఉండకూడదని ఉత్తరం రావడంతో దాన్ని ఊరి బయట ఒక రైతు కొట్టంలోకి మార్చాను. బిర్యానీ ఆశ చూపి స్నేహితుల్ని పోగేసి, పడవ పై సగాన్ని లేపి పక్కన పెట్టాం. నేల కోసేశాను. ఫోమ్ తవ్వాను. తేలడానికి పోసిన ఫోమ్ నీళ్ళు పీల్చి ఎత్తలేనంత బరువైంది. ఒక ఘనపుటడుగు నీళ్ళు 62 పౌండ్లు, లెక్క మీరే వేసుకోండి. అందులో నల్ల గండుచీమలు కాపురం పెట్టాయి. మా ఆవిడ చూసి, "ఏమండీ, కొన్నది పడవా, పుట్టా?" అంది. దూలాలు చాలాచోట్ల చేత్తో పీకితే వచ్చేశాయి. మిగిలింది గ్రైండర్‌తో అరగదీశాను. ముఖానికి మాస్కు, ఒంటికి కాగితం సూటు వేసుకున్నా గాజు పొడి మెడ దగ్గర దూరి, రాత్రంతా గోక్కుంటూ పడుకునేవాణ్ణి. చివరికి పడవ లోపలంతా ఖాళీ, శుభ్రం. ఫొటో తీసి అందరికీ పంపాను. ఆ ఫొటో చూసి నాతో సహా ఒక్కరికీ అనుమానం రాలేదు. టార్పాలిన్ కప్పి చలికాలమంతా అలాగే వదిలేశాను.

వసంతంలో కొత్త దూలాలు. ఈసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. పాత పాలియెస్టర్ మీద ఎపాక్సీ బాగా పడుతుంది, ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు. అందుకని అంతా ఎపాక్సీతోనే. ఒక్కసారే పెద్ద డబ్బాలో కలిపితే అది తనలో తానే వేడెక్కి పొగలు కక్కుతుందని ఒకసారి కొట్టమంతా పొగ చేసుకుని నేర్చుకున్నాను, ఆ తరవాత వెడల్పు పళ్ళెంలో కొంచెం కొంచెం కలిపాను. ప్రతి దూలం అడుగునీ పడవ వంపుకు తగ్గట్టు గీసి, కోసి, చెక్కి కూర్చోబెట్టాను. సందులో కాగితం కూడా దూరలేదు. నా చేతి పనితనానికి నేనే దండం పెట్టుకున్నాను.

ఇక పై సగం మళ్ళీ దించాలి. మళ్ళీ బిర్యానీ, మళ్ళీ స్నేహితులు. నలుగురూ నాలుగు మూలలా పట్టుకుని దింపారు. కూర్చోలేదు. పెట్టె మూత పెట్టెకి పట్టనట్టు, ఒకవైపు అంచు సరిపెడితే రెండోవైపు రెండంగుళాలు బయటికి ఉంది. పై భాగం పాడైందేమోనని కొలిచాం. దాని కొలత అదే. పడవ వెడల్పయింది.

అప్పటికీ నాకు పూర్తిగా వెలగలేదు. పట్టీలు వేసి పక్కల్ని లోపలికి గుంజితే సరి అనుకున్నాను. స్నేహితుల్లో ఒకడు, చిన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి తాపీ పని చేసినవాడు, "పక్కలు సాగితే అడుగు ఊరుకుంటుందా గురూ, దారం పట్టి చూద్దాం" అన్నాడు. ట్రెయిలర్ కింద వెల్లకిలా పడుకుని, వెనక సగం వెన్ను వెంబడి దారం బిగించి పట్టాం. అక్కడ అడుగు తిన్నగా ఉండాలి. దారం రెండు చివర్లా ఆనింది. మధ్యలో నా బొటనవేలు దూరింది.

ఆ వేలు అక్కడే ఉంచుకుని చాలాసేపు పడుకున్నాను. అన్నీ ఒక్కొక్కటే అర్థమవుతున్నాయి. ట్రెయిలర్ మీద పడవను మోసే పట్టె కర్రలు ట్రాన్సమ్ దాకా లేవు, ఒక అడుగు దూరం ముందే ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ ఆ వెనక భాగాన్ని వంగిపోకుండా పట్టి ఉంచినవి నేను చేత్తో పీకి చెత్తలో పారేసిన దూలాలే. పుచ్చిపోయి కూడా అవి పడవ ఆకారాన్ని మోస్తూనే ఉన్నాయి. నేలా, దూలాలూ, పై సగమూ ఒకేసారి తీసేశాక ఆ పలచటి చిప్ప చలికాలమంతా తన బరువుకి తనే వెనక్కి వాలింది, పక్కలకు విచ్చుకుంది. నేనేమో వసంతంలో వచ్చి, ఆ వంకర ఒంపుకే కాగితం దూరనంత సరిగ్గా కొత్త దూలాలు చెక్కి, ఎపాక్సీతో శాశ్వతం చేశాను. పని సరిగ్గా కుదిరినందుకే తప్పు నాకు కనపడలేదు.

దాన్ని అలాగే వదిలేద్దామని కూడా చూశాను. కానీ అడుగు వెనక అలా వాలితే నీళ్ళు తోకను పైకెత్తి ముక్కును కిందికి నొక్కుతాయి, పడవ వేగం అందుకోదు. కోసేశాను. పుచ్చిన దూలాలు చేత్తో వచ్చాయి కానీ, ఇవి కొత్తవి, నేను పెట్టినవి, అంగుళం అంగుళం గ్రైండర్ పెడితే తప్ప రాలేదు.

రెండోసారి పడవను ట్రెయిలర్ మీంచి దించి, వెడల్పాటి దిమ్మెల మీద మట్టం చూసి కూర్చోబెట్టాను. వెనక కింద జాకీ పెట్టి, దారం పొడుగునా ఆనేదాకా రోజుకు కాస్త చొప్పున ఎత్తాను. పట్టీలతో పక్కల్ని లాగి, పాత వెడల్పుకు అడ్డకర్రలు కొట్టాను. ఆ వెడల్పు నేను ముందే కొలిచి రాసుకోలేదు, పై సగాన్ని బట్టి తెలుసుకోవలసి వచ్చింది. తెలిసినవాళ్ళు పై సగం లేపకముందే అడ్డకర్రలు కొడతారు, దూలాలు ఒక్కొక్కటే మారుస్తారు, ఒకటి గట్టిపడ్డాకే రెండోది తీస్తారు. కొత్త స్క్రూ దింపే ప్రతిచోటా కన్నం పెద్దగా తొలిచి, ఎపాక్సీ నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ కన్నం పెడతారు. ఈసారి నేనూ అలాగే చేశాను.

పడవ ఇప్పుడు తిరుగుతోంది. ఆ డబ్బుకి అంతకన్నా కొత్తది వచ్చేదని మా ఆవిడకు తెలుసు, ఎంత కొత్తది వచ్చేదో తెలియదు.

మీరు పాత పడవ చూడ్డానికి వెళ్తే ఒక చిన్న సుత్తి, ఒక దారం ఉండ, ఒక డ్రిల్లు తీసుకెళ్ళండి. ట్రాన్సమ్ మీద కొడుతూ పోండి, ఖంగున మోగాలి, మొద్దుగా మోగిన చోట ఆగండి. ట్రెయిలర్ కర్రలు ట్రాన్సమ్ దాకా ఉన్నాయో లేదో చూసి, వెన్ను కింద దారం పట్టండి. చివర్న లోపలి వైపు ఒక సన్న కన్నం పెట్టనివ్వమని, తిరిగి పూడ్చి ఇస్తానని అడగండి. వద్దన్నాడంటే లోపల ఏముందో అతనికి తెలుసన్నమాట. దండం పెట్టి వచ్చేయండి.