బ్రేకు లేని బల్ల

మండు వేసవిలో రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగా. బెల్టు మీద రెండు సూట్‌కేసులు, వాటి వెనకాలే దాదాపు ఆరడుగుల నల్ల సంచి. టాక్సీ డ్రైవరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది సార్ ఇది, తుపాకీనా?" అన్నాడు. చంద్రగిరిలో ఇంటికి చేరాక పక్కింటి అత్త సంచిని వేలితో నొక్కి చూసి, అమెరికా ఇస్త్రీ బల్ల అని తేల్చేసింది. సాయంత్రానికి వీధంతా అదే మాట. బయట 41 డిగ్రీలు. నేను మోసుకొచ్చింది స్నోబోర్డు.

నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఉద్యోగం పోయి తిరిగొచ్చినవాడు కారు, టీవీ, సోఫా అన్నీ అమ్మేసి ఈ బల్లను మాత్రం ఎందుకు తెచ్చుకున్నాడో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

తిరుపతి దగ్గరే ఇంజినీరింగ్ చేశా. బెంగళూరులో రెండేళ్ళు కోడ్ రాశాక కంపెనీ నన్ను సియాటెల్ పక్కనున్న బెల్‌వ్యూకి పంపింది. అక్కడినుంచి గంట డ్రైవ్ చేస్తే స్నోక్వాల్మీ పాస్ అనే కనుమ వస్తుంది. చలికాలమంతా మంచే. రూమ్మేట్స్‌తో మొదటిసారి వెళ్ళినప్పుడు అందరిలాగే మామూలు స్నోబోర్డు అద్దెకు తీసుకున్నా. పడటం, లేవడం, మళ్ళీ పడటం. ఆ రోజు నిలబడిన దానికంటే కూర్చున్నదే ఎక్కువ.

రెండోసారి పొద్దున్నే, లిఫ్ట్ తెరవకముందే వెళ్ళా. లైన్లో నాకు ముందు నలుగురు ముసలివాళ్ళు ఉన్నారు. చేతుల్లో సన్నగా, పొడుగ్గా వింత బోర్డులు. కాళ్ళకు ప్లాస్టిక్ బూట్లు. నేను లిఫ్ట్‌లో కూర్చుని పైకి వెళ్తుంటే వాళ్ళు అప్పుడే దిగుతున్నారు. అందులో ఒకాయన ఒక పక్కకు ఎంత వంగాడంటే మోచేయి మంచుకు రాసుకుంటోంది. పడిపోతాడనుకున్నా. పడలేదు. లేచి, రెండో పక్కకు అంతే వంగాడు. మంచు చిమ్మలేదు. ఆయన వెళ్ళిపోయాక కొండ మీద మిగిలింది పెన్సిల్‌తో గీసినట్టు ఒక సన్నటి గీత, అంతే.

ఆ గీత నన్ను వదల్లేదు.

రీల్స్‌లో మనం చూసే స్నోబోర్డింగ్ వేరు. వదులు ప్యాంట్లు, గాల్లో పల్టీలు, మెత్తటి బూట్లు. ఇది ఆల్పైన్ స్నోబోర్డింగ్. దీనికి స్కీయింగ్ వాళ్ళు వేసుకునేలాంటి గట్టి బూట్లు కావాలి. అందుకే ఈ ఆట ఆడేవాళ్ళను హార్డ్‌బూటర్లు అంటారు. మామూలు బోర్డు నడుము 25 సెంటీమీటర్ల దాకా ఉంటే, నా దానిది 19. పాదాలు అడ్డంగా పెడితే వేళ్ళూ మడమలూ బయటికొచ్చి మంచుకు తగులుతాయి. అందుకని రెండు పాదాలూ 60 డిగ్రీల దాకా ముందుకు తిప్పి నిలబడాలి. బోర్డు పక్క అంచు తిన్నగా ఉండదు, లోపలికి వంపుగా కోసి ఉంటుంది. బోర్డును పక్కకు వాలిస్తే ఆ స్టీలు అంచు మంచులో దిగి, తన వంపు దారినే తిరుగుతుంది. జారడం ఉండదు, కోసుకుంటూ పోవడమే. దాన్నే కార్వింగ్ అంటారు.

ఈ కార్వింగ్ అనే మాటతోనే మా ఇంట్లో ఒక అబద్ధం మొదలైంది. "ఆదివారం పూట ఏం చేస్తావురా?" అని నాయన ఫోన్లో అడిగితే, "కార్వింగ్ నాయనా" అన్నా. శ్రీకాళహస్తి దారిలో మాధవమాల ఉంది కదా, చెక్కబొమ్మలకు పేరున్న ఊరు. నాయనకు ఆ మాట అక్కడినుంచి తెలుసు. "ఓ, చెక్కబొమ్మలా! మంచి పని, చేతులకు పని ఉంటే మనసు కుదురుగా ఉంటాది" అన్నాడు. నేను సరిదిద్దలేదు. కొండ మీద నుంచి బల్ల మీద దూకుతున్నానని చెబితే అమ్మకు నిద్ర పట్టదు. అట్లా రెండేళ్ళు మా బంధువుల దృష్టిలో నేను బొమ్మలు చెక్కేవాణ్ణి.

గీత గీసిన ఆ ముసలాయనతో లిఫ్ట్‌లో మాట కలిసింది. మెకానిక్‌గా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. పొద్దున మెషీన్లు చదును చేసిన మంచు మీద చారలుంటాయి, కొత్త దుప్పటి పరిచినట్టు. అది పాడవకముందే ఎక్కాలి, పదకొండుకల్లా ఇంటికెళ్ళిపోవాలి. హార్డ్‌బూటర్ల టైమ్‌టేబుల్ అదే. "మీవాళ్ళు ఇంత తక్కువమంది ఉన్నారేంటి?" అని అడిగితే నవ్వాడు.

ఒకప్పుడు తక్కువేం కాదట. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ మొదటిసారి వచ్చినప్పుడు ఉన్నవి రెండే పోటీలు: హాఫ్‌పైప్, జెయింట్ స్లాలమ్. రెండోది ఈ గట్టి బూట్లవాళ్ళది. తర్వాత కుర్రకారు పల్టీల వైపు, మెత్తటి బూట్ల సుఖం వైపు వెళ్ళిపోయారు. బర్టన్ లాంటి పెద్ద కంపెనీ ఈ బోర్డులు చేయడం మానేసింది. మిగిలినవి చిన్న చిన్న వర్క్‌షాపులు. కొలరాడోలో డోనెక్, కెనడాలో కాయిలర్, స్విట్జర్లాండ్‌లో కెస్లర్. ప్రత్యేకంగా చేయించుకోవాలంటే బరువెంత, బూటు సైజెంత, ఎలాంటి కొండ మీద తిరుగుతావు అని అడుగుతారు, దర్జీ కొలతలు తీసుకున్నట్టు. ఖరీదు కూడా అట్లాగే ఉంటుంది.

ఒలింపిక్స్‌లో మాత్రం ఈ ఆట ఇంకా ఉంది. 2018 ప్యాంగ్‌చాంగ్ గుర్తుందా? చెక్ అమ్మాయి ఎస్తెర్ లెడెట్స్కా స్కీయింగ్‌లో సూపర్-జి పోటీని సెకనులో నూరో వంతు తేడాతో గెలిచింది. సరిగ్గా వారానికి స్నోబోర్డు ఎక్కి ప్యారలల్ జెయింట్ స్లాలమ్‌లో ఇంకో స్వర్ణం కొట్టింది. ఒకే వింటర్ ఒలింపిక్స్‌లో రెండు వేర్వేరు ఆటల్లో బంగారు పతకాలు గెలిచిన మొదటి మహిళ ఆమే. ఆ రెండో పతకం ఈ గట్టి బూట్లతో వచ్చిందే.

రెండు నెలలు వెంటబడితే ముసలాయన తన పాత బోర్డు నాకిచ్చాడు. 171 సెంటీమీటర్లు, అంచుల దగ్గర గీతలు. 150 డాలర్లు తీసుకుని ఒక షరతు పెట్టాడు: "నువ్వు మానేసిన రోజు దీన్ని అటక మీద పెట్టొద్దు. నీకంటే చిన్నవాడికి ఇవ్వు." సరేనన్నా.

నేర్చుకోవడం అంత తేలిక కాలేదు. నాకు లెక్కలు ఇష్టం కాబట్టి ఒక లెక్క చెప్తా. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, 12 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తిరగాలంటే ఒళ్ళు దాదాపు 45 డిగ్రీలు లోపలికి వాలాలి. వాలలేదా, బయటికి విసిరేస్తుంది. ఆ క్షణంలో 70 కిలోల మనిషి కాళ్ళ మీద దాదాపు 100 కిలోల బరువు పడుతుంది. కాగితం మీద చక్కగా ఉంటుంది. కొండ మీద మాత్రం మెదడు "నిటారుగా నిలబడరా" అని అరుస్తూ ఉంటుంది. ముసలాయన నాకు నేర్పిందంతా ఒకే మాట: "బోర్డు ముక్కును చూడకు. ఎక్కడికి పోవాలో అక్కడ చూడు."

మూడో సీజన్లో, ఇంకో కొండ మీద, నేను చూడకూడనిది చూశా. దారి పక్కన ఒక స్తంభం. దానికి తగులుతానేమో అని భయపడి దాన్నే చూస్తూ ఉండిపోయా. నేరుగా దాని దగ్గరికే వెళ్ళా. మలుపు మధ్యలో వదిలేసి పక్కకు పడ్డా. ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది.

ఆరు వారాలు చెయ్యి కట్టు వేసుకుని తిరిగా. ఇంటికి వీడియో కాల్ మానేసి మామూలు కాల్ చేశా. "ఇంటర్నెట్ బాగలేదమ్మా" అన్నా. సియాటెల్‌లో, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఇంట్లో, ఇంటర్నెట్ బాగలేదట! అమ్మ నమ్మింది. నాయన ఏమనుకున్నాడో తెలీదు.

తర్వాతి ఏడాది ఒక పొద్దున లేచేసరికి ఆఫీసు మెయిల్ తెరుచుకోలేదు. లేఆఫ్. వీసా ప్రకారం 60 రోజులు టైముంది. ఇంటర్వ్యూలన్నీ మూడో రౌండు దాకా వెళ్ళి ఆగిపోయాయి. సామాను అమ్ముకుంటూ, బోర్డు తిరిగి ఇచ్చేద్దామని ముసలాయన దగ్గరికి వెళ్ళా. తీసుకోలేదు. "మానేస్తున్నావా?" అని అడిగాడు. "మా ఊళ్ళో మంచు లేదు" అన్నా. "నేనడిగింది అది కాదు" అన్నాడు. ఏం చెప్పాలో తెలీక బోర్డు మళ్ళీ కారులో పెట్టుకున్నా.

ఇంటికొచ్చిన మూడో రోజు, ఉక్కకు చొక్కా విప్పి ఫ్యాను కింద పడుకుని ఉన్నా. అమ్మ మజ్జిగ తెచ్చి, నా భుజం చూసి ఆగిపోయింది. అతుక్కున్న ఎముక బుడిపెలా కనిపిస్తుంది. ఇక దాచలేకపోయా. అమ్మ ఏడ్చింది. నాయన ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

నాయన బస్సు డ్రైవరు. అందులోనూ తిరుమల ఘాట్ రోడ్డు. ఇరవై రెండేళ్ళు రోజూ కొండ ఎక్కి దిగాడు. రెండేళ్ళ కిందటే రిటైరయ్యాడు. మూడో రోజు తెల్లారుజామున నన్ను లేపి, "పద, కొండకు పోయొద్దాం" అన్నాడు.

దర్శనం అయ్యాక తిరుగు బస్సులో డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. దిగేది మొదటి ఘాట్ రోడ్డు మీద. 1944లో తెరిచిన రోడ్డు, ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడతారు. ఒక మలుపు దాటాక నాయన నోరు విప్పాడు.

"ఎట్ల పడినావు?"

చెప్పా. స్తంభాన్ని చూశానని చెప్పా.

"అదే గదా తప్పు. కన్ను యాడుంటే బండి ఆడికే పోతాది. లోయను చూసినావంటే లోయలోకే. టైరు ముందర చూడకూడదు, మలుపు అవతల చూడాల. స్పీడు తగ్గించేది, గేరు మార్చేది అంతా మలుపు ముందరే తేల్చుకోవాల. లోపలికి పోయినాక భయపడి బ్రేకు తొక్కితే బండి మన మాట వినదు."

నేను ఆయన మొహం చూస్తూ ఉండిపోయా. మూడేళ్ళు, బోలెడు డాలర్లు, ఒక ఎముక ఖర్చుపెట్టి నేర్చుకున్న పాఠం మా ఇంట్లోనే ఉంది. ఖాకీ చొక్కా వేసుకుని రోజూ రాత్రి అన్నానికి వచ్చేది. నేనే ఎప్పుడూ అడగలేదు.

ఇంకో రెండు మలుపులు దాటాక గొంతు తగ్గించాడు. "నేనూ ఒగసారి తొక్కినా. వాన పడతా ఉండాది. బండి లోయ పక్కకు జారి పిట్టగోడ కాడ ఆగింది. ప్యాసింజర్లలో సగం మంది నిద్రలో ఉండిరి. మీ అమ్మకు ఇంతవరకూ చెప్పలే."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మర్నాడు డ్యూటీకి పంపదు గదరా." నా భుజం వైపు చూశాడు. "నువ్వూ అందుకే గదా."

ఆ సాయంత్రం పెరట్లో, కొబ్బరిచెట్టు కింద సంచి విప్పా. అంచులు తుప్పు పట్టకుండా నూనె రాస్తుంటే నాయన వచ్చి కూర్చున్నాడు. మా ఇద్దరి చెప్పుల సైజు ఒకటే. బూట్లు తొడిగి చూస్తానన్నాడు. లుంగీ పైకి కట్టి, ఆ ప్లాస్టిక్ బూట్లు తొడుక్కుని రెండడుగులు వేసేసరికి రోబోలా అయిపోయాడు. నా భుజం పట్టుకుని బోర్డు ఎక్కితే కొక్కేలు బిగించా. మోకాళ్ళు వంచి, చేతులు స్టీరింగ్ మీద పెట్టినట్టు ముందుకు చాపి నిలబడ్డాడు.

"బ్రేకు యాడుంది?"

"లేదు నాయనా."

"మరి ఆపేదెట్ల?"

"మలుపును మధ్యలో వదలకూడదు. బోర్డు తిరిగి కొండ పైకి మళ్ళేదాకా తిప్పుతూనే ఉండాలి. అప్పుడు అదే నెమ్మదిస్తుంది. భయపడి మధ్యలో వదిలేస్తే ఇంకా స్పీడు పెరుగుతుంది."

కాసేపు ఆలోచించాడు. "అంటే మలుపే బ్రేకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఉద్యోగం సంగతి కూడా ఇంట్లో ముందే చెప్పుండాల్సింది. అరవై రోజులు ఒక్కడివే మోసినావు" అన్నాడు.

అమ్మ వంటింట్లోంచి, "ఇద్దరూ దిగండి, ఇంకో ఎముక ఇరగ్గొట్టుకోను!" అని కేకేసింది.

ఆ రాత్రి అన్నం తింటూ నాయన పిట్టగోడ కథ అమ్మకు చెప్పేశాడు. ఫలితంగా రెండు రోజులు అమ్మ మా ఇద్దరితోనూ మాట్లాడలేదు.

ఇప్పుడు బెంగళూరు కంపెనీకి ఇంటినుంచే పనిచేస్తున్నా. జీతం తక్కువే. బోర్డు అటక మీద లేదు, హాల్లో బీరువా పక్కన నిలబడి ఉంది. మంచు మన దేశంలోనూ ఉంది కదా. కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో గొండోలా 3,900 మీటర్ల ఎత్తు దాటి తీసుకెళ్తుంది. 2020 నుంచి ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అక్కడ జరుగుతున్నాయి, వాటిలో స్నోబోర్డింగ్ కూడా ఉంది. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్ళిన ఒకే ఒక్క ఆటగాడు, స్కీయర్ ఆరిఫ్ ఖాన్, ఆ ప్రాంతం వాడే. అక్కడ నా బోర్డును చూసి ఏ కుర్రాడైనా "అన్నా, ఇదేంటి?" అని అడిగితే, మొదట ఎక్కించి చూపిస్తా. ముసలాయన షరతు నాకు గుర్తుంది. కానీ నేనింకా మానేయలేదు.

ఫిబ్రవరికి మూడు టికెట్లు తీశా. అమ్మ కూడా వస్తోంది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే: ఎవరు పడినా ఆ రోజే చెప్పాలి. నాయనా, నేనూ ఒప్పుకున్నాం.