కాలువ గట్టున మొరం బాట

ఫజ్ర్ నమాజు ముగించుకొని మసీదు మెట్లు దిగేసరికే సిద్దిపేటలో లారీల రొద మొదలై ఉంటుంది. హైదరాబాదు నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్ళే రాజీవ్ రహదారి మా పట్టణాన్ని ఒరుసుకొంటూ సాగుతుంది. కొన్నేళ్ళ క్రితం వైద్యుడు మాకు చక్కెర వ్యాధి ఉందని తేల్చి, రోజూ గంటసేపు ఒళ్ళు కదిలించాలని చెప్పినప్పుడు, మూలన పడి ఉన్న సైకిలును తుడిచి ఆ రహదారి అంచునే తొక్కడం మొదలుపెట్టాము. మూడో వారంలో ఒక లారీ మమ్మల్ని రాసుకొంటూ పోయింది. ఆ గాలి విసురుకు రోడ్డు దిగి పొదలో పడ్డాము. మోచేయి చీరుకుపోవడంతో సరిపోయింది, అల్‌హమ్దులిల్లాహ్. యాభై దాటిన మౌల్వీ గడ్డంలో ముళ్ళతో లేచి రావడం చూసి టీకొట్టు దగ్గర నలుగురు నవ్వారు. నీళ్ళు తెచ్చి ఇచ్చిందీ వారే.

ఆ సంగతి విని మా విద్యార్థి తండ్రి ఒకరు, చిన్నకోడూరు మండలంలో రైతు, ఇలా అన్నారు: “మౌల్వీ సాబ్, ఆ రోడ్డు మీద మీకెందుకు? మా కాలువ గట్టు మీదికి రండి. ట్రాక్టరు తప్ప ఇంకో బండి కనబడదు.”

ఆ కాలువ రంగనాయక సాగర్‌ది. చంద్లాపూర్ దగ్గర గుట్టల నడుమ 3 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన ఆ జలాశయంలోకి 2020 ఏప్రిల్ 24న తొలిసారి గోదావరి నీరు వదిలారు. ఆ తేదీ మాకు బాగా గుర్తు. ఆ సాయంత్రమే రమజాన్ నెలవంక కనబడింది. లాక్‌డౌన్ వల్ల మసీదులు మూతపడి, మా జీవితంలో మొదటిసారి తరావీహ్ ఇంట్లో చదువుకున్నాము. కాళేశ్వరం పథకంలో మేడిగడ్డ దగ్గర సుమారు 100 మీటర్ల ఎత్తున ఉన్న నీటిని మెట్టుమెట్టుగా ఎత్తిపోసి, చివరకు కొండపోచమ్మ సాగర్‌లో 618 మీటర్ల ఎత్తుకు చేర్చాలన్నది ఏర్పాటు. మన నేల ఎంత ఎగుడుదో ఆ అంకెలు చూస్తే తెలుస్తుంది. సైకిలు తొక్కే మోకాళ్ళకు అంకెలు చూడకుండానే తెలుస్తుంది.

ఈ జలాశయాల కింద మునిగిన ఊళ్ళను మరచి ఆ గట్టు మీద తిరగడం మాకు చేతకాదు. మల్లన్న సాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి గ్రామాలే పోయాయి. మనం హాయిగా తిరిగే బాట ఒకరి పొలం కావచ్చు.

కాలువ పనివారి రాకపోకల కోసం గట్టు పొడవునా పోసిన ఎర్ర మొరం బాట అది. వాహనాలు లేని ఇటువంటి కంకర బాటల మీద సైకిలు తొక్కడాన్ని పాశ్చాత్య దేశాలలో గ్రావెల్ బైకింగ్ అంటారట. అందుకోసం లక్షల రూపాయల సైకిళ్ళు కొంటారట. మన పల్లెల్లో పాలు పోసేవారు క్యాన్లు కట్టుకొని ఎంతకాలంగానో చేస్తున్న పనికి ఇంత పేరుందని మాకు తెలియదు.

మొరం మీద తొక్కడం తారు రోడ్డు మీద తొక్కినట్లు ఉండదు. టైరులో గాలి నిండుగా ఉంటే చక్రం ఎగిరెగిరి పడుతుంది. కాస్త తగ్గిస్తే నేలను పట్టుకొంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము కింద ట్యూబు నలిగి తెగుతుంది. పల్లంలో ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. పల్లేరు కాయల సంగతి చెప్పనవసరం లేదు. మొదటి నెలలోనే మేము పంచరు వేయడం నేర్చుకున్నాము.

మా అమ్మాయి చిన్న తరగతుల్లో ఉండగా, దక్కను పీఠభూమి లావాతో ఏర్పడిందని చదివి వచ్చి, “మన గుట్టలన్నీ అగ్నిపర్వతాలేనా అబ్బా?” అని అడిగింది. అప్పుడు మా వద్ద జవాబు లేదు. తరువాత భూగోళం బోధించే మిత్రుని అడిగి తెలుసుకున్నాము. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ క్రితం పొరలుపొరలుగా పారిన లావా మన రాష్ట్రంలో పశ్చిమాన జహీరాబాదు, నారాయణఖేడ్, వికారాబాదు ప్రాంతాల వరకే వచ్చింది. సిద్దిపేట గుట్టలు దానికంటే ఎంతో పాతవి. ఇవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. కరిగిన శిల భూమి లోపలే నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. ఆ గ్రానైటు పగుళ్ళలోకి కింది నుంచి మరోసారి కరిగిన శిల ఎగదన్ని గడ్డకట్టిన చోట్ల డోలరైటు అనే నల్లరాయి గోడలా నిలిచి ఉంటుంది. కాలువ కోసం గుట్టను కోసిన ఒక మలుపులో ఆ నల్లచార, ఎర్రని, తెల్లని రాళ్ళ నడుమ ఎవరో గీత గీసినట్లు కనబడుతుంది.

మొదటిసారి దాన్ని చూసినప్పుడు మేము సైకిలు దిగి నిలబడిపోయాము. సూరా ఫాతిర్ 27వ ఆయతులో అల్లాహ్ పర్వతాలలోని తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను ప్రస్తావించాడు. అక్కడి ‘జుదద్’ అన్న పదానికి చారలనీ, బాటలనీ పాతికేళ్ళుగా పిల్లలకు అర్థం చెబుతూ వచ్చాము. తరగతి గది కిటికీ లోంచి కనబడే గుట్టను ఒక్కసారీ చూపించలేదు. ఆ మరుసటి ఆయతే జ్ఞానం గలవారి గురించినది. ఆ రోజు దాన్ని నెమరు వేసుకోవడానికి కొంచెం సిగ్గు వేసింది.

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబుతుంటే మా అమ్మాయి వింటున్నది. ఇప్పుడామె ఇంటర్ మొదటి సంవత్సరం. ఎనిమిదో తరగతి దాకా సైకిలు మీదే బడికి వెళ్ళేది. తరువాత మేమే మాన్పించాము. ఆ సైకిలు వరండాలో గొడుగులు తగిలించడానికి పనికి వస్తున్నది. అంతా విని, “నన్నూ తీసుకెళ్ళండి” అన్నది. “చూద్దాంలే బేటీ” అన్నాము. అది కాదనడానికి మేము వాడే మాట అని ఆమెకు తెలుసు.

“అక్కడ మనుషులే ఉండరని మీరే చెప్పారు కదా అబ్బా. మరి నన్ను ఆపుతున్నది ఏమిటి?”

ఫిఖ్ బోధించే మాకు ఆ పూట నోట మాట రాలేదు. రాత్రి ఇషా తరువాత గ్రంథాలు ముందు వేసుకొని కూర్చున్నాము. దైవప్రవక్త (స) ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (ర)తో పరుగు పందెం వేశారు. ఒంటెల నెక్కే ఖురైష్ స్త్రీలను మెచ్చుకున్నారు. ఇవి మాకు తెలియనివి కావు. ఎన్నోసార్లు చదివి, చదివించినవే. మేము అమ్మాయిని ఆపింది రాజీవ్ రహదారి భయంతో, అంతకంటే ఎక్కువగా నలుగురి మాటల భయంతో. ఆ భయానికి షరీఅత్ పేరు పెట్టుకున్నామని ఒప్పుకోవలసి వచ్చింది. పర్దా విధి. సైకిలు గోడకు ఆనుకొని తుప్పు పట్టడం విధి కాదు. మా సహాధ్యాపకులలో ఒకరు దీనితో ఏకీభవించరు. ఆయనతో వాదన ఇంకా సాగుతూనే ఉన్నది. ఆయన దీన్దారీ పట్ల మాకున్న గౌరవం తగ్గలేదు.

అసలైన అభ్యంతరం మా శ్రీమతి లేవనెత్తారు. “బుర్ఖా అంచు చైనులో పడితే?” అన్నారు. అది నిజమైన ప్రశ్న. ఆమే జవాబూ కుట్టి ఇచ్చారు: మోకాళ్ళు దిగే వదులైన కుర్తా, చీలమండల దగ్గర ఎలాస్టిక్ ఉన్న షల్వార్, గాలికి ఎగరకుండా పిన్నులు పెట్టిన పెద్ద స్కార్ఫు. చైనుకు పూర్తి కవరు మేము వేయించాము.

ఒక ఆదివారం ఇద్దరి సైకిళ్ళను ట్రాలీ ఆటోలో వేసుకొని గట్టు దాకా వెళ్ళాము. రహదారి మీద ఆమెను తొక్కనివ్వడానికి మాకు ఇప్పటికీ ధైర్యం లేదు. బయలుదేరే ముందు ఒక్క షరతు పెట్టాము, నీటి దగ్గరికి దిగకూడదని. సిమెంటు పూసిన కాలువ వాలు మీద కాలు జారితే పట్టు దొరకదు. 2025 జనవరిలో కొండపోచమ్మ సాగర్‌లో అయిదుగురు యువకులు మునిగి చనిపోయారు. పిల్లలతో ఇటువంటి చోట్లకు వెళ్ళే తల్లిదండ్రులు ఈ షరతును ఇంట్లోనే పెట్టాలి.

మొదట వంద గజాలు ఆమె చక్రం తడబడింది. తరువాత కుదురుకొన్నది. పొలాల మీది పొగమంచు ఇంకా విడలేదు. ఒక కౌజు పిట్టల గుంపు బాట దాటి చేలోకి దూరింది. నల్లచార ఉన్న మలుపు దగ్గర ఆగి ఆమె రాతిని అరచేత్తో తడిమి చూసి, ఆయతును మెల్లగా చదివింది. తజ్వీద్‌లో ఒక తప్పు దొర్లింది. దిద్దలేదు.

తిరుగు దారి ఎగుడు. అక్కడ ఆమె మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. మేము ఆయాసపడుతూ గట్టు చివరికి చేరేసరికి, సైకిలు స్టాండు వేసి నీళ్ళ సీసా పట్టుకొని నిలబడి ఉన్నది.

“ఆ హదీసులో మొదటి పందెం హజ్రత్ ఆయిషా (ర) గెలిచారు కదా అబ్బా?”

“అవును. కొంతకాలం తరువాత రెండో పందెం దైవప్రవక్త (స) గెలిచారు.”

“అయితే మీకు ఇంకొకటి మిగిలి ఉంది” అన్నది.

మా వెనుక చక్రంలో పల్లేరు కాయ దిగి ఉన్నది. పంపు ఆమె పట్టుకొన్నది, ట్యూబు మేము బయటికి లాగాము.